నీరటి ఎల్లమంద పిట్టల ఆకులు

“నారు పోయిందిరోయ్! కొంగలు కోసి పారేశాయిరోయ్!”

వీధి ఆ చివర పుట్టిన కేక ఈ చివరకు వచ్చేసరికి ఊరు ఊరంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడింది. కేకేసినవాడు కోటిలింగం. పైడిమడుగులో గొంతంటే కోటిలింగానిదే. ఇంట్లో ఉప్పు అయిపోయినా అదే గొంతు, కొంప అంటుకున్నా అదే గొంతు. అందుకని జనం ముందు కాసేపు ఇది ఉప్పు కేకా, నిప్పు కేకా అని ఆలోచిస్తారు. ఆ పొద్దున మాత్రం ఆలోచించలేదు. నారు అన్నాక ఎవరాగుతారు? కడుగుతున్న చెంబు కడుగుతున్నట్టే వదిలేసి పొలాలకు పరిగెత్తారు.

అందరికంటే వెనకాల, భుజాన పార వేసుకుని, నీరటి ఎల్లమంద నడిచాడు.

ఇది ఎప్పటి మాట అంటారా? మన ముత్తాతలకు ఇంకా మీసం మొలవని నాటి మాట. రూపాయి బిళ్ల మీద రాణిగారి తలకాయ ఉండేదని చెప్పుకుంటారే, ఆ కాలం. అప్పుడు పైడిమడుగని ఒక ఊరుండేది. ఊరికి పడమట పెద్ద చెరువుండేది. చెరువుకొక నీరటి ఉండేవాడు. నీరటి అంటే తూము తిప్పి, ఎవరి మడికి ఎన్ని నీళ్లు, ఎవరి వంతు ఎప్పుడు అని చూసి పంచేవాడు. పంచేది ఊరందరి నీళ్లు. ఊళ్లో పెళ్లయినా పండగైనా, తినేది మాత్రం ఊరందరూ తిన్నాక, గొడ్ల సావిడి పక్కన విస్తరేసుకుని. ఆ కాలం అట్లాంటిది మరి.

సరే, పొలంలోకి వద్దాం. కోటిలింగం మడిలో నాలుగు రోజుల కిందట నాటిన నారు మొదలుకంటా తెగి నీళ్ల మీద తేలుతోంది. ఆ నీళ్లలో యాభై అరవై నత్తకొంగలు, పెళ్లికొచ్చిన పెద్దమనుషుల్లాగా, మెల్లగా అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతున్నాయి.

నత్తకొంగ ముక్కు ఎప్పుడైనా చూశారా? మూసినా మూసుకోదు. మధ్యలో సందుంటుంది. అచ్చం వక్కలు కత్తిరించే అడకత్తెర.

“ఆ ముక్కు చూడండి మునసబుగారూ!” అన్నాడు కోటిలింగం. “నారు కోయడానికి కాకపోతే దేవుడు ఆ కత్తెర ఎందుకిచ్చినట్టు?”

మునసబు చెంచురామయ్య ముక్కు చూశాడు. తెగిన నారు చూశాడు. తలపాగా సర్దుకున్నాడు. ఆయన తలపాగా సర్దుకున్నాడంటే తీర్పు అయిపోయినట్టే.

“చెరువులో తుమ్మచెట్ల మీదేగా వీటి గూళ్లు? రేపు పొద్దున ఇంటికొక గొడ్డలి. చెట్టు మిగలకూడదు. చెట్టు లేకపోతే గూడుండదు, గూడు లేకపోతే కొంగ ఉండదు.”

ఎల్లమంద చెరువులోని తుమ్మచెట్ల వంక చూశాడు. ఆ యేడు వానలు ఆలస్యం, కొంగలూ ఆలస్యం. గూళ్లలో గుడ్లు పిల్లలై పది రోజులు కూడా కాలేదు. వాటికింకా నూగే గాని ఈకల్లేవు.

“అయ్యా, ఆగండయ్యా,” అన్నాడు.

కోటిలింగం నవ్వాడు. “ఇదుగో వచ్చాడు పిట్టల పురాణం! ఏరా ఎల్లమందా, తాటాకుల మీద గీకుతుంటావుగా, కొంగ నారు కోస్తుందని రాశావా?”

“రాయలేదు బాబూ.”

“పోనీ కోయదని రాశావా?”

“అదీ రాయలేదు బాబూ.”

“మరేం రాశావురా, నా తలకాయ!”

“నారు కోసేదెవరో నేను రెండుసార్లు చూశాను. మూడోసారి చూడలేదు.”

మునసబుకు ఒళ్లు మండింది. “రెండుసార్లు చూసినవాడివి చెప్పి ఏడవరాదూ!”

“మూడుసార్లు చూస్తేనే ఆకు మీదికయ్యా. ఆకు మీదికి రానిది నా నోటి మీదికి రాదు.”

ఊరంతా గొల్లున నవ్వింది. ఎల్లమంద పెళ్లాం అంకమ్మ మాత్రం నవ్వలేదు. చెంగు నోట్లో కుక్కుకుని, “ఈ మనిషితో నేను వేగలేను తల్లీ,” అనుకుంది.

మరి ఎల్లమందకు ఈ మూడుసార్ల పట్టుదల ఎక్కడినుంచి వచ్చింది? అది చెప్పకపోతే కథ కుంటుతుంది.

చిన్నప్పుడు అతను వీధిబడి అరుగు కింద కూర్చుని, అరుగు మీద పిల్లలు దిద్దుతుంటే ఇసుకలో తనూ దిద్దుకున్నాడు. అట్లా గుణింతాలు దాటి, మాటలు దాటి, వాక్యం దాకా వచ్చాడు. అంతలో తండ్రి పోయాడు, పార చేతికొచ్చింది. ఇక ఆనాటి నుంచి పొద్దస్తమానం చెరువు గట్టే. గట్టు మీద తిరిగేవాడికి కనపడేదేంటి? నీళ్లు, గడ్డి, పిట్టలు. నీళ్లను పంచాడు, గడ్డిని చెక్కాడు, పిట్టల్ని చూశాడు. చూసి ఊరుకోబుద్ధి కాలేదు.

అప్పటినుంచి అతని ఒంటి మీద మూడు వస్తువులు తప్పేవి కావు. భుజాన పార, చేతిలో కర్ర, రొంటిన గంటం. తాటాకును ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, గంటంతో గీసి, దాని మీద మసి రుద్ది తుడిస్తే అక్షరం నల్లగా లేచి నిలబడేది. ఒక పిట్టకు ఒక ఆకు. అంతే లెక్క.

మొదట్లో ఒకసారి చూసినా రాసేవాడు. ఒక యేడు నీటికోళ్లు గూళ్లు బాగా ఎత్తున కట్టాయి, ఆ యేడు వరదొచ్చింది. మళ్లీ ఇంకో యేడు ఎత్తున కట్టాయి, మళ్లీ వరదొచ్చింది. మూడోసారి ఎత్తున కట్టగానే ఎల్లమంద ఊళ్లోకి పరిగెత్తి, “వరదొస్తోంది, ధాన్యం మిట్టెక్కించండి!” అని చెప్పేశాడు. జనం నమ్మి, గాదెలు ఖాళీ చేసి, ధాన్యమంతా మిట్ట మీదికి మోశారు. వరద రాలేదు. మిట్ట మీద మాత్రం నాలుగు చినుకులు పడ్డాయి. ఆ యేడు పైడిమడుగులో బస్తా విప్పితే ధాన్యం బదులు మొలకలు కనపడ్డాయి. ఒంటరి ముసలమ్మ ఒకామె ఆ మొలకలు చేతిలో పట్టుకుని ఏమీ అనకుండా అతని వంక చూసింది. తిట్టి ఉంటే మర్చిపోయేవాడు. ఆమె తిట్టలేదు.

ఆ రోజు ఎల్లమంద నీటికోడి ఆకును పొయ్యిలో పెట్టాడు. మూడుసార్లు చూస్తేనే ఆకు మీదికి అని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ ఒట్టు తరవాత రాసిన ఆకులు ఎట్లా ఉండేవో చూడండి.

“బుడుబుంగ. పిడికెడు పిట్ట. మనిషి అలికిడైతే గూడు వదిలి పారిపోదు. ముందు గుడ్ల మీద నాచు కప్పుతుంది, మనం తలుపు దగ్గరికి వేసినట్టు. అప్పుడు మునుగుతుంది. మూడుసార్లు చూశాను.”

“తీతువు. ఇది అరిస్తే చావు కబురంటారు. దీని గుడ్లు నేల మీద గులకరాళ్లలో ఉంటాయి. ఎవరి కాలు పడుతుందోనని అరుస్తుంది. పిల్లలున్న తల్లి అరవదా? మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఊళ్లో ఎవరూ పోలేదు.”

“గిజిగాడు, మగది. గూడు సగం కట్టి ఆడదాన్ని పిలిచి చూపిస్తాడు. ఆమె లోపలికెళ్లి, తిరిగి చూసి, బాగాలేదంటే ఇంకోటి మొదలుపెడతాడు. మూడుసార్లు చూశాను. మా వంటింటి చూరు విషయంలో నాదీ ఇదే బతుకు.”

అంకమ్మకు ఈ చివరిది ఎవరో చదివి వినిపించారు. మూడు రోజులు మొగుడికి కూర వేయలేదు.

ఇప్పుడు మళ్లీ మడి గట్టు మీదికి రండి. జనం నవ్వడం అయ్యాక ఎల్లమంద మునసబుకు దణ్ణం పెట్టాడు.

“అయ్యా, మూడు రోజులు గడువివ్వండి. మూడోసారి చూసి, మీ అందరికీ చూపించి, అప్పుడు నోరు తెరుస్తాను.”

“చూపించలేకపోతే?”

ఎల్లమంద భుజం మీది పార దించాడు. “చెట్లు మీ ఇష్టం. ఈ పార మీకిచ్చేస్తాను, ఇంకొకర్ని నీరటిగా పెట్టుకోండి. ఆకులన్నీ మీ ఎదుటే నిప్పులో వేస్తాను.”

ఇరవై యేళ్ల ఆకులు! కోటిలింగం కూడా నవ్వడం మానేశాడు.

“సరే, మూడు రోజులు,” అన్నాడు మునసబు. “నాలుగో పొద్దు పొడిచేసరికి గొడ్డళ్లు చెరువు దగ్గరుంటాయి.”

ఇంటికి రాగానే ఎల్లమంద అడిగాడు. “ఏమే, కోళ్ల గంపలెన్నున్నాయి?”

“మూడు. ఎందుకు?”

“మూడూ కావాలి.”

“మరి నా కోళ్లో? నీ నెత్తి మీద పడుకోబెట్టనా?”

“మూడు రోజులేనే.”

అంకమ్మ తిట్టుకుంటూనే గంపలు బోర్లించి దులిపింది. తిట్టుకుంటూనే కోళ్లను వంటింట్లోకి తోలింది. ఎవరేమన్నా అనండి, గంపలిచ్చిన చెయ్యి ఆమెదే.

మొదటి సాయంత్రం ఎల్లమంద కోటిలింగం మడిలో తొమ్మిది మొక్కలు కొత్తగా నాటి, వాటి మీద గంప బోర్లించి, అంచు చుట్టూ బురద మెత్తాడు. కొంగ కాదు గదా, కొంగ ఈక కూడా దూరే సందు లేదు. పొద్దున్నే అందర్నీ పిలిచి గంప ఎత్తాడు. తొమ్మిది మొక్కలూ తెగి తేలుతున్నాయి.

“ఓస్!” అన్నాడు కోటిలింగం. “పొడుగు ముక్కుతో గంప ఎత్తి కోసి, మళ్లీ దించి పోయుంటుంది. కొంగకు ఆ మాత్రం తెలివుండదా?”

రెండో సాయంత్రం ఎల్లమంద ఇంకో మడిలో తొమ్మిది మొక్కలు నాటి, గంప బోర్లించి, గంప మీద అంకమ్మ రుబ్బురోలు పొత్రం పెట్టాడు. పొత్రం ఎత్తాలంటే మనిషికే నడుం పట్టుకుంటుంది. పొద్దున్నే ఎత్తి చూస్తే మళ్లీ తొమ్మిది మొక్కలూ తేలుతున్నాయి.

“కొంగ కాదులే,” అన్నాడు కోటిలింగం. “నువ్వే! మాకు చూపించడానికి నువ్వే తెల్లారుజామున వచ్చి కోసిపోయావు!”

ఈ మాటకు చాలామంది తలలూపారు. ఎల్లమంద ఖాళీ గంప ఎత్తి చంకన పెట్టుకున్నాడు. అంకమ్మ ముందుకొచ్చింది.

“నా మొగుడికి కూర తరగడమే రాదు బాబూ, నారేం కోస్తాడు! మీకంత అనుమానమైతే మూడో గంప మునసబుగారి మడిలోనే పెట్టండి. మునసబుగారినే ముడెయ్యమనండి.”

మూడో సాయంత్రం అట్లాగే చేశారు. మునసబుగారి మడి, మునసబుగారు స్వయంగా వంగి నాటిన తొమ్మిది మొక్కలు. పైన గంప, గంప పైన పొత్రం. ఆ పైన మునసబుగారు తన తలపాగా విప్పి, గంపనూ పొత్రాన్నీ కలిపి నాలుగు చుట్లు చుట్టి, చుట్టూ పాతిన మేకులకు బిగించి ముడి వేశాడు. ఆ ముడి వాళ్ల తాతనుంచి వచ్చింది. ఆయన తప్ప ఊళ్లో ఎవరికీ వేయడం రాదు, విప్పడం అంతకన్నా రాదు. ఆయన బోడితలతో ఇంటికి నడుస్తుంటే చూసి పిల్లలు నవ్వారు, పెద్దలు దగ్గారు.

నాలుగో పొద్దు పొడిచింది. సన్నగా తుంపర పడుతోంది. ఇంటికొక గొడ్డలి చెరువు కట్ట మీదికొచ్చింది. తుమ్మచెట్ల మీద కొంగపిల్లలు తల్లుల కోసం ముక్కులు తెరిచి అరుస్తున్నాయి. ఎల్లమంద ఆకుల కట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. మునసబు అడగకముందే ఒక మూకుడులో నిప్పులు కూడా తెచ్చుకున్నాడు. అంత నిజాయితీ మనిషి.

“ముందు గంప చూద్దాం పదండి,” అన్నాడు మునసబు.

ముడి వేసినట్టే ఉంది. ఆయనే విప్పాడు. పొత్రం దించారు. గంప ఎత్తారు.

తొమ్మిది మొక్కల్లో ఏడు తెగి తేలుతున్నాయి.

కొంగ రాలేదు, ఎల్లమంద రాలేదు, మరి కోసిందెవరు? కోటిలింగానికి ఉండబట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, మోచేతి దాకా బురదలోకి చెయ్యి పెట్టి తడిమాడు.

“అబ్బా! అబ్బబ్బా! పట్టుకుందిరోయ్! కొంగ నా వేలు పట్టుకుందిరోయ్!”

చెయ్యి పైకి తీస్తే వేలికి అరచేతి వెడల్పు ఎండ్రకాయ వేలాడుతోంది. పీత అంటారే, అదే. కత్తెరలాంటి ఒక డెక్కతో కోటిలింగం వేలు పట్టుకుంది. రెండో డెక్కలో ఎనిమిదో మొక్క, పచ్చగా, ఇంకా నములుతూ ఉన్నట్టే ఉంది.

“అదేం కొంగ బాబూ!” అంది అంకమ్మ. “కాళ్లు లెక్కపెట్టి చెప్పండి!”

ఊరంతా నవ్విన నవ్వుకు చెరువు అవతలి గట్టు నుంచి నీటికోళ్లు లేచిపోయాయట. కోటిలింగం చెయ్యి విదిలిస్తే ఎండ్రకాయ ఎగిరి పక్కమడిలో పడింది. అక్కడొక నత్తకొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో కాలు దించింది. ఒక అడుగు, రెండడుగులు, మూడడుగులు. అడకత్తెర తెరుచుకుంది. కటుక్! ఎండ్రకాయ లేదు.

ఊరంతా చూసింది. పిల్లా జెల్లా, ముసలీ ముతకా, గొడ్డలి పట్టుకున్న ప్రతివాడూ చూశాడు.

“మూడు,” అన్నాడు ఎల్లమంద మెల్లగా.

ఇక అప్పుడు నోరు తెరిచాడు. “వానలు ఆలస్యమయ్యాయి. కొంగలు నెల ఆలస్యంగా వచ్చాయి. ఆ నెలలో ఎండ్రకాయలు గట్ల నిండా బొరియలు చేసి పిల్లల్ని పెట్టాయి. నారు కోసేవి అవి. వాటిని తినడానికి వచ్చినవి కొంగలు. దొంగలు పడ్డ ఇంటికి తలారి పరిగెత్తుకుంటూ వస్తే, ఇంట్లో కనపడ్డాడని తలారినే కట్టేశాం మనం.”

ఆ తరవాత ఏమైందంటే, చెట్లు కొట్టడానికి వచ్చిన గొడ్డళ్లు గట్ల మీది బొరియలు తవ్వడానికి పనికొచ్చాయి. పైన జనం, కింద కొంగలు. వారం తిరిగేసరికి నారు నిలబడింది. ఆ యేడు పైడిమడుగులో పండినట్టు చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ పండలేదు. కొంగపిల్లలు రెక్కలొచ్చి ఎగిరిన రోజున కోటిలింగం వీధి ఆ చివర నుంచి ఈ చివరకు కేకేశాడు. “మన పిల్లలు ఎగిరాయిరోయ్!” మన పిల్లలు అన్నాడు, విన్నారా?

మునసబు ఎల్లమందను పిలిచాడు. “ఏం కావాలో అడగరా. పంచెల చాపా? పాడి ఆవా?”

ఎల్లమంద చేతులు కట్టుకున్నాడు. “అయ్యా, నాట్లన్నీ అయ్యాక ఒక్క పూట, ఊరంతా చెరువు గట్టు మీదికి అన్నం మూటలు తెచ్చుకుని రండి. పిట్టల్ని చూస్తూ అందరం ఒక్కచోట కూర్చుని తిందాం.”

మునసబు తలపాగా సర్దుకున్నాడు. సర్దుకున్నాడు గాని తీర్పు బయటికి రాలేదు. “చూద్దాంలేరా,” అన్నాడు.

మొదటి యేడు “వానలు, వచ్చే యేడు” అన్నాడు. రెండో యేడు “ఇంట్లో పెళ్లి, వచ్చే యేడు” అన్నాడు. మూడో యేడు ఏమీ అనలేదు. ఎల్లమంద కూడా మళ్లీ అడగలేదు. ఊరు అతన్ని ప్రేమగానే చూసింది. ఏ పిట్ట కనపడినా “ఎల్లమందా, ఇదేంటి?” అని అడిగేది. అన్నం మాత్రం మామూలుగా సావిడి పక్కనే పెట్టేది. అతను మామూలుగా తినేవాడు, మామూలుగా గట్టెక్కేవాడు.

అట్లా చాలా యేళ్లు గడిచాయి. ఒక యేడు, నాట్లన్నీ అయిపోయిన రోజు మధ్యాహ్నం, ఎల్లమంద గట్టు మీద పార తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఇక లేవలేదు. రెండడుగుల దూరంలో కొంగలు మేస్తూనే ఉన్నాయట. అతని పక్కన అవెప్పుడూ బెదరలేదు, ఆ రోజూ బెదరలేదు.

పెద్దదినం నాడు ఊరంతా అతనింటి ముందు చేరింది. అంకమ్మ ఆకుల కట్ట తెచ్చి మునసబు ఎదుట పెట్టింది.

“ఇందులో అడుగున పిట్ట కానిదొకటి రాశానని చెప్పాడు. నాకు చదువు రాదు. చదవండి.”

మునసబు కళ్లజోడు పెట్టుకుని అడుగు ఆకు తీశాడు.

“పైడిమడుగు జనం,” అని చదివి ఆగాడు. ఆకు కళ్లకు దగ్గరగా తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాడు. “రెండు కాళ్ల జాతి. గుంపులుగా ఉంటాయి. ఒకటి అరిస్తే అన్నీ అరుస్తాయి. తప్పు చేస్తే ఒప్పుకోవు గాని దిద్దుకుంటాయి. మూడుసార్లు చూశాను. వీటిలో కోటిలింగమనే దానికి గొంతు పెద్దది, మనసు మెత్తన. చాలాసార్లు చూశాను. వీటి ఆడవాటిలో అంకమ్మ అనేది తిడుతూనే అన్నీ చేస్తుంది. రోజూ చూశాను. ఈ జాతి అంతా ఒక్కచోట కూర్చుని తినడం...”

“తినడం?” అంది అంకమ్మ.

“తినడం ఇంకా చూడలేదు. చూశాక రాయాలి.” మునసబు ఆకు పైకెత్తి చూపించాడు. “సగం ఆకు ఖాళీగా వదిలేశాడు.”

కోటిలింగం బతుకులో మొదటిసారి చిన్న గొంతుతో మాట్లాడాడు. “ఆకు ఖాళీగా ఉండకూడదు.”

మరుసటి యేడు నాట్లు కాగానే ఊరంతా గట్టు మీదికొచ్చింది. వచ్చింది గాని ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఎవరి పక్కన అని వాదన పడింది. వాదన తేలకముందే వాన పడింది. అందరూ నిలబడే తిని ఇళ్లకు పోబోయారు.

“నిలబడి తిన్నది లెక్కలోకి రాదు,” అంది అంకమ్మ.

రెండో యేడు కూర్చున్నారు. పెద్దలు గట్టు మీద, మిగతావాళ్లు గట్టు కింద.

“ఒక్కచోట అన్నాడు నా మొగుడు. ఇది రెండు చోట్లు. రాదు,” అంది అంకమ్మ.

మూడో యేడు వాన ముందే దంచి కొట్టింది. గట్టుకు అటు చెరువు, ఇటు మోకాలి లోతు బురద. మధ్యలో గట్టు రెండడుగుల వెడల్పు. రెండు పంక్తులు పట్టవు, ఒకటే పడుతుంది. మునసబు అటు చూశాడు, ఇటు చూశాడు. తలపాగా సర్దుకోలేదు. విప్పి, మడిచి, తడి గట్టు మీద పరిచాడు.

“అంకమ్మా, ముందు నువ్వు కూర్చో,” అన్నాడు. ఆమె పక్కనే తను కూర్చున్నాడు. ఆయన పక్కన కోటిలింగం. అతని పక్కన ఎవరు ముందొస్తే వాళ్లు. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే పంక్తి.

మునసబు ఆకు తీసి, ఎల్లమంద గంటం చేతిలోకి తీసుకున్నాడు. అంకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగండి బాబూ. ఇది ఒకసారే.”

అందుకని మళ్లీ యేడు కూర్చున్నారు. ఆ పై యేడూ కూర్చున్నారు. అప్పుడు అంకమ్మ “ఇక రాయండి” అంది. మునసబు ఆ సగం ఆకు మీద రాశాడు. “ఒక్కచోట కూర్చుని తింటాయి. మూడుసార్లు చూశాం.”

ఆ తాటాకులు ఏనాడో పొడైపోయాయి. పోతే పోనీండి, ఊరికి అన్నీ నోటికొచ్చు. ఆ ఊళ్లో తుమ్మచెట్టు మీద గొడ్డలి పడదు. తీతువు అరిస్తే ఎవరూ ఉలిక్కిపడరు, పిల్లలు గల తల్లి పాపం అంటారు. ఎవరైనా పక్కింటివాళ్ల మీద చాడీ మోసుకొస్తే, ఎంత చిన్నపిల్ల అయినా సరే, నడుం మీద చెయ్యి పెట్టుకుని అడుగుతుంది. “మూడుసార్లు చూశావా?” చాడీ అక్కడే చచ్చిపోతుంది.

నాట్లు అయిన రోజున ఇప్పటికీ వీధి ఆ చివర నుంచి ఒక కేక వినపడుతుంది. “నాట్లయ్యాయిరోయ్! గట్టెక్కండిరోయ్!” ఆ గొంతు ఎవరి వంశానిదో నేను చెప్పక్కర్లేదు. గిన్నెలు, మూటలు, ఎండ్రకాయల పులుసు, చంకల్లో పిల్లలు, అందరూ గట్టెక్కుతారు. గట్టు మొదట్లో ఒక కోళ్ల గంప బోర్లించి, దాని మీద ఒక పార పెట్టి, దాని ముందు మొదటి విస్తరి వేస్తారు. చెరువులో కొంగలు ఒక్కసారి తలెత్తి చూస్తాయి, మనవాళ్లేలే అని మళ్లీ మేతలో పడతాయి.

అప్పుడు ఊళ్లో అందరికంటే పెద్దావిడ పంక్తి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తుంది. ఎవరూ నిలబడి లేరు కదా, ఎవరూ విడిగా లేరు కదా అని చూస్తుంది.

“చూశాను,” అంటుంది. “ఇక తినండి.”

అందరూ తింటారు.